ఉప్పు మానేసిన ఐస్ ఫ్యాక్టరీ

మా చిన్నాన్న కొడుకుని ఇంటిల్లిపాదీ "తెలుసుబాబు" అంటాం. అవతలివాళ్ళు మాట పూర్తి చేసేలోపే "తెలుసు, తెలుసు" అనేస్తాడు. ఏం తెలుసో మాత్రం ఇంతవరకూ ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళు ఊరి పిల్లలందరికీ సైన్సు చెప్పి, ఇలాంటివాడికి అక్కనయ్యాను. నా ప్రారబ్ధం, ఏం చేస్తాం.

వాడి మామగారికి ఐస్ ఫ్యాక్టరీ ఉంది. పెద్దాయన కంటి ఆపరేషన్‌కి వెళ్తూ తాళాలు వీడి చేతిలో పెట్టాడు.

"నేనొచ్చేదాకా సరిగ్గా నడిపితే ఇవి నీవే అల్లుడూ. లేదంటే చిన్నదానికిచ్చేస్తా."

చిన్నదంటే వీడి మరదలు. ఆ పిల్ల ఆ ఫ్యాక్టరీలోనే ఆడుకుంటూ పెరిగింది. వీడేమో పెళ్ళైన కొత్తలో ఒక్కసారి లోపలికెళ్ళి, జలుబు చేసిందని వారం మంచం దిగలేదు.

లోపల నేలలోకి దిగిన పెద్ద ట్యాంకు, దాన్నిండా ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళలో మిషన్ చల్లబరిచే ఇనప గొట్టాలు. మంచినీళ్ళు పోసిన పొడవాటి రేకుడబ్బాలు ఆ ఉప్పునీళ్ళలో మెడదాకా మునిగి నిలబడతాయి. డబ్బాలో నీళ్ళు గడ్డకడితే అదే ఐసు దిమ్మ.

మా ఘనుడు మొదటిరోజే ఉప్పు బస్తాలు చూసి మొహం చిట్లించాడు.

"మనం అమ్మేది మంచినీళ్ళ ఐసు. ఈ ఉప్పెందుకు, దండగ?"

"బావా, ట్యాంకులో ఉప్పు తగ్గితే..."

"తెలుసు, తెలుసు."

ఉప్పు మాన్పించేశాడు. డబ్బాలు పైకి తీసినప్పుడల్లా వాటి వెంట కాస్త ఉప్పునీరు పోతుంది. ఆ లోటుకి మంచినీళ్ళు పోయించాడు. ట్యాంకు రోజురోజుకీ చప్పబడింది.

ఇందులో బ్రహ్మవిద్యేం లేదు. నీళ్ళలోని రేణువులు బడి వదిలిన పిల్లలు. తోసుకుంటూ తిరుగుతాయి, ఒకచోట నిలవవు. వాటి వేడి లాగేస్తూ పోతే అల్లరి తగ్గి, చేతులు పట్టుకుని వరసల్లో నిలబడతాయి. అదే ఐసు. వరసల మధ్య ఖాళీలుంటాయి కనకే నీళ్ళమీద తేలుతుంది. ఉప్పేమో మధ్యలో దూరే తుంటరి, చేతులు కలవనివ్వదు. అందుకని మంచినీళ్ళు గడ్డకట్టే చలిలో కూడా ఉప్పునీళ్ళు నీళ్ళలాగే కదులుతాయి. డబ్బాల్లో వేడిని లాక్కెళ్ళి గొట్టాలకి అప్పగిస్తూనే ఉంటాయి.

ఇదంతా నేనే వెళ్ళి చెప్పాను.

"అక్కా, ఇది నీ బడి కాదు, ఫ్యాక్టరీ. అయినా నాకు తెలుసు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. చప్పబడ్డ నీళ్ళు గొట్టాల చుట్టూనే గడ్డకట్టడం మొదలుపెట్టాయి. గొట్టాలు ఐసు దుప్పటి కప్పుకుంటే వాటి చలి డబ్బాలకేం అందుతుంది? చేపల దుకాణం ఆవిడ దిమ్మ తీసుకుని ఒక్క దెబ్బ వేసిందో లేదో, పైపెంకు పగిలి లోపలి నీళ్ళు ఆమె కాళ్ళమీద పడ్డాయి.

"ఏం బాబూ, ఐసడిగితే కొబ్బరిబోండం ఇచ్చావేంటి?"

వీడు పరువుపోయి, "మిషన్ ఇంకా గట్టిగా తిప్పండి" అని పనివాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. చలి పెరిగేకొద్దీ దుప్పటి మందమైంది. చివరి వరస డబ్బాలు దాంట్లోనే ఇరుక్కుపోయాయి.

మరదలు మంచిమాటే చెప్పింది. "మిషన్ ఆపేసి, గొట్టాల మీదది కరగనిచ్చి, ఉప్పు పోద్దాం బావా. నాన్నొచ్చేలోపు సర్దుకుంటుంది. నేనేం చెప్పన్లే."

"ఐస్ ఫ్యాక్టరీలో ఐసు కరిగించుకోవాలా? నలుగురూ నవ్వరూ?"

అప్పటికి నవ్వనివాళ్ళు ఆ నలుగురిలో ఎవరో నాకైతే తెలియదు.

పెద్దాయన నల్లకళ్ళద్దాలతో తిరిగొచ్చాడు. చూపింకా సరిగ్గా ఆనడం లేదు. చూడాల్సిన పని కూడా పడలేదు. తడుముకుంటూ ట్యాంకు దగ్గరికెళ్ళి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు.

"చప్పగా ఉందేంటి అల్లుడూ? ఉప్పు తగ్గితే ఏమవుతుందో తెలీదా?"

మావాడి నోరు ఊరుకుంటుందా.

"తెలుసు, తెలుసు మామయ్యా."

"ఓహో. తెలిసే చేశావా?" అని పెద్దాయన చెయ్యి చాపాడు.

తెలీదని ఒక్కమాట అని ఉంటే ఆ చేతిలో తాళాలు పెట్టాల్సిన అవసరం వచ్చేది కాదేమో. ఆ మాట వాడికి పుట్టుకతోనే రాలేదు. చిన్నది తాళాలు నడుముకి దోపుకుని, నేరుగా వెళ్ళి మిషన్ ఆపేసింది.