టీవీ ముందు దణ్ణం

మా అన్న పెద్దకర్మ రోజున షామియానా కింద పెట్టిన టీవీకి నేను చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఊళ్లో ఇంకా దాని గురించే నవ్వుకుంటున్నారు. నవ్వుకోనీ. నేను నిజంగా సిగ్గుపడాల్సింది దేనికో వాళ్లకు తెలియదు.

ముందు గొడవ సంగతి చెప్పాలి. అన్న ఇల్లు మా వీధి చివర. మా పల్నాట్లో పెళ్లికి అయినవాళ్లను భార్యాభర్తలిద్దరూ ఇంటికి వచ్చి, బొట్టు పెట్టి పిలవాలి. కూతురి పెళ్లికి అన్న సత్తెనపల్లిదాకా కారు కట్టుకుని వెళ్లి ఎవరెవరికో బొట్టు పెట్టించాడు. నాకు మాత్రం బొమ్మలు కదిలే కార్డొకటి ఫోన్లో పంపి ఊరుకున్నాడు. నేను పెళ్లికి వెళ్లలేదు. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. అందులో నా తప్పు లేదని ఇవాళ్టికీ అంటాను.

అప్పటి నుంచే నాకు ఫోన్లంటే మంట. తర్వాత ఈ ఏఐ ఒకటి వచ్చిపడింది. మోటారుకు కరెంటు లేదని కరెంటాఫీసుకు ఫోన్ చేస్తే ఒక ఆడగొంతు తీయగా "మీ సమస్య మాకు అర్థమైంది" అంటుంది. ఏం అర్థమైంది దానికి? మిరపతోట వాడిపోవడం ఎప్పుడన్నా చూసిందా? నరసరావుపేట కలెక్టరాఫీసుకు వెళ్లి దాని మీద అర్జీ పెట్టాను. తీసుకున్నాయన నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు గుర్తుంది.

టీకొట్టు దగ్గర రోజూ నాది ఇదే గోల.

"ఎవర్నడిగి తీసుకున్నారయ్యా మన గొంతులు, మన మొహాలు? కోడిని పట్టుకుపోతే పంచాయితీ పెడతాం. మనిషి గొంతు పట్టుకుపోతే చప్పట్లు కొడతన్నారు! పిలవని పేరంటానికొచ్చి పీటేసుకు కూచున్నారు ఆ కంపెనీలోళ్లు."

"నీకు పిలుపుల గోల తప్ప ఇంకోటి లేదేంది మావా?" అన్నాడు టీకొట్టతను. అందరూ నవ్వారు.

అన్న గుండెపోటుతో పోయాడు. పాడె మోశాను. కానీ పెద్దకర్మ నాడు ఆ ఇంట్లో విస్తరి ముందు కూర్చోనని చెప్పేశాను. మాలో తోడబుట్టినవాడు ఆ రోజు ముద్ద ముట్టకపోతే రెండిళ్లకూ ఇక తెగిపోయినట్టే. పిల్లల తరానికి కూడా రాకపోకలుండవు.

ఒకరోజు వీధి ఇంకా నిద్ర లేవకముందు వదిన మా గేటు దగ్గరకు వచ్చింది. భర్త పోయిన మనిషి మైల రోజుల్లో గడప దాటకూడదు. ఎదురైతే జనం మొహం తిప్పుకుంటారు. అయినా వచ్చింది. తల మీద కొంగు కప్పుకుని గేటు పట్టుకు నిలబడింది.

"ఇంటికొచ్చి పిలవకపోవటం మా తప్పేనయ్యా. మనసులో పెట్టుకోమాక. వచ్చి నాలుగు మెతుకులు తిని పో."

"నువ్వు చెబితే ఏంది? చెప్పాల్సినోడు చెప్పలా."

"పోయినాయన లేచొచ్చి చెబుతాడా?"

"చెప్పేదాకా తినను."

ఆమె గేటు వదిలి వెనక్కి తిరిగింది. లోపలికి రమ్మని కూడా నేను అనలేదు.

పెద్దకర్మకు వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాను. దండ వేసిన ఫొటో పక్కన పెద్ద టీవీ ఉంది. మా వైపు ఇదొక కొత్త ఆచారం. ఫొటో, గొంతు ఇస్తే స్టూడియోవాళ్లు పోయినవాళ్ల చేత మాట్లాడిస్తున్నారు. అన్న మబ్బుల్లోంచి దిగాడు. తెల్లపంచె, బతికుండగా ఎన్నడూ లేని పలువరస. అందరినీ దీవించాడు. నాలో నేను వెటకారంగా నవ్వుకుంటున్నాను. అంతలో అన్నాడు:

"తమ్ముడూ, ఇంటికి వచ్చి నిన్ను పిలవకపోవడం నా తప్పు. మనసులో పెట్టుకోవద్దు. భోజనం చేసి వెళ్లు."

మా అన్న నన్ను తమ్ముడూ అని ఎన్నడూ పిలవలేదు. "ఒరేయ్ పొట్టోడా", అంతే. తప్పు అనే మాట ఆయన నోటికి వచ్చేది కాదు. అది ఆయన కాదని మొదటి మాటకే తెలిసింది. తెలిసే లేచి నిలబడ్డాను. చేతులు వాటంతటవే పైకి లేచాయి. "సరేలే అన్నా, సరేలే" అని పైకే అన్నాను. ఏడ్చాను. ఎవరో రెక్క పట్టుకుని బంతిలో కూర్చోబెడితే తిన్నాను. గారె కూడా అడిగి వేయించుకున్నాను.

చావింట్లో వెళ్లొస్తానని చెప్పకూడదు. మాట్లాడకుండా చెప్పులేసుకుంటుంటే అన్న కూతురు వచ్చింది.

"ఆ మాట మీ నాన్న ఎప్పుడన్నా అన్నాడా అమ్మా?" అని అడిగాను.

"లేదు బాబాయ్. మీ గేటు కాడ అమ్మ అన్న మాటలే అవి. నాన్న గొంతులో పెట్టించా."

లోపలి గదిలోంచి వదిన గొంతు వినబడింది.

"తిన్నాడా?"

"తిన్నాడమ్మా."

"పోన్లే. మనిషి చెబితే వినని మరిదికి టీవీ అన్నా చెప్పింది."

ఆ కంపెనీల మీద నా కోపం తగ్గలేదు. చచ్చినవాడి చేత అనని మాట అనిపించే హక్కు వాళ్లకు ఎవరిచ్చారని ఇప్పుడూ అడుగుతాను. "మిషను పిలిస్తే పోయి తిన్నావుగా మావా" అని టీకొట్టు దగ్గర ఎగతాళి చేస్తే, దానికీ ఏదో ఒక జవాబు చెబుతాను. మైలలో గడప దాటి వచ్చి, నా గేటు పట్టుకుని నిలబడిన మనిషికే జవాబు లేదు. అవే మాటలు. ఆమె నోటి నుంచి వస్తే నాకు చాలలేదు.

తప్పయిందని వదినకు చెప్పాలి. ఫోన్లో కాదు, వెళ్లి చెప్పాలి. ఆమె ఇల్లు మా వీధి చివరే. ఇంకా వెళ్లలేదు.