ఆ సీసా మూత ఎవరూ తీయకండి

సరళక్క లేదట.

నిన్న సాయంత్రం ఫోన్. ఊపిరాడక పోయిందట. మొన్ననే నాతో "మామూలు జ్వరమే రా, టాబ్లెట్ వేసుకున్నా" అంది. ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్ల కోసం: అక్క మా పెద్దమ్మ కూతురు. బస్తర్‌లో గనుల టౌన్‌షిప్ పక్క కాలేజీలో సైన్స్ చెప్పేది.

తన పిచ్చంతా బురద మీదే.

వాగు అడుగున, గాలి తగలని బురదలో కొన్ని బ్యాక్టీరియా ఉంటాయి. మనం గాలి పీల్చినట్టు అవి సెలీనియంతో ఊపిరి తీసుకుంటాయి. నీళ్లలో కరిగిన సెలీనియం ఎక్కువైతే విషం. వీటి పుణ్యమా అని అది ఎర్రటి పొడిగా మారి అడుగున కూర్చుంటుంది. అక్క ఆ బురదని సెలీనియం కలిపిన నీళ్లతో సీసాలో పోసి, మూత బిగించి ఇంట్లోనే పెంచేది.

"తేట నీళ్లు ఎర్రబడ్డాయంటే నా పిల్లలు బతికున్నట్టే" అనేది.

మొదటిసారి సీసా ఎర్రబడిన రోజు వీధంతా స్వీట్లు పంచి కాలేజీకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆ సీసా తళతళలాడుతూ బోర్లించి ఉంది!

"వాగులల్ల ఎర్రనీళ్లు పారేది సాలదా, ఇంట్లకు గూడ తెచ్చినవేందే? పారబోసి కడిగిన" అంది పెద్దమ్మ.

పెద్దమ్మ తప్పేం లేదు. మా వైపు నీళ్లు ఎర్రబడ్డాయంటే ఇనుప గని మట్టి దిగినట్టే. ఆ నీళ్లు ఎవరూ ఇంట్లో పెట్టుకోరు.

అక్క తల పట్టుకుని కూర్చుంది. కాసేపటికి పగలబడి నవ్వి, మళ్లీ బురదకి బయల్దేరింది.

ఆఖరి సీసా పామేడు వైపు వాగుది. అక్కడి రైతులు "మా వాగుల గూడ ఉంటయా మేడమ్?" అని అడిగారట. చూసి చెప్తానని వాళ్లకి మాటిచ్చింది. ఆ సీసాని వంటింటి మూల నల్లగుడ్డ కప్పి ఉంచింది.

"ఇంకా తేటగానే ఉంది రా. టెన్షన్‌గా ఉంది." నాతో అన్న చివరి మాట అదే.

ఈ పొద్దున అక్కని తీసుకెళ్లిపోయారు. నాకు ఆఖరి చూపు కూడా దక్కలేదు. నేనెక్కిన బస్సు ఇంకా దారిలో, దోర్నపాల్‌లోనే ఉంది.

ఇప్పుడు ఇల్లు కడుగుతారు. మనవాళ్లు కడిగితే మూలమూలా కడుగుతారు. ఎవరూ ఫోన్ ఎత్తట్లేదు.

అత్తా, బాబాయ్, అక్కడ ఎవరున్నా సరే, దండం పెడతాను. ఆ సీసా మూత తీయకండి. గాలి తగిలితే చచ్చిపోతాయి. ఎర్రబడితే భయపడకండి. అది మంచి ఎరుపు.

...

ఇప్పుడే పెద్దమ్మ ఫోన్ ఎత్తింది.

"నేను దాని పక్కనే కూసున్న. ఎవ్వర్నీ ముట్టనిస్తలేను. ఇంక తెల్లగనే ఉంది బిడ్డా... ఎర్రగయితదా?"

నాకేం తెలుసు? "అవుతుంది పెద్దమ్మా" అనేశాను.

వెళ్లిరా అక్కా. ఇక నీ టెన్షన్ మేం పడతాం. నువ్వు హాయిగా పడుకో.