ఆడవాళ్ళ గదికి ఏడు మెట్లు

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళి టీ పెట్టుకునే రకాన్ని నేను. ఇది దెయ్యం కథ కూడా కాదు. మా అత్తగారి సంగతి.

2009లో అమెరికాలోని అల్ఫారెట్టాలో ఉండేవాళ్ళం. పాత కట్టడాలకి కంప్యూటర్‌లో త్రీడీ మోడల్స్ చేయడం నా ఉద్యోగం. అప్పట్లో ఒక మ్యూజియం కోసం జర్మనీలోని శిథిలమైన సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, చేస్తున్నాను. ఎనిమిది వందల ఏళ్ళ నాటిది. అల్లర్లలో దాన్ని తగలబెట్టి, యూదుల్ని ఊళ్ళోంచి తరిమేశారు. తర్వాత అది ధాన్యం కొట్టయింది, ఆపైన గుర్రాల సాల. చివరికి ఒక గోడ, నేల మిగిలాయి. మిగతాదంతా అక్కడ తవ్వకాలు జరిపిస్తున్న ప్రొఫెసరమ్మ పంపిన కొలతలతో నేను నిలబెట్టాలి.

తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు నా పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేవారు. ఒకరోజు స్క్రీన్ చూసి, “ఆడవాళ్ళ గది ఏదండీ అల్లుడుగారూ?” అన్నారు.

“డ్రాయింగ్స్‌లో లేదు అత్తయ్యగారూ.”

“ఉత్తరం వైపు ఉంటుంది. ఏడు మెట్లు దిగాలి. నాలుగోది మరీ ఎత్తు.”

రెండు రోజులు ఇదే పోరు. అన్నం వడ్డిస్తూ కూడా, “మెట్లు పెట్టారా?” అనేవారు. పడలేక గది కట్టి, ఏడు మెట్లు పెట్టి, నాలుగోదాన్ని జానెడు పెంచాను. ఆవిడ శాంతించారు. నేను అది తీసేయడం మర్చిపోయి ఫైల్ పంపేశాను.

మర్నాడు ప్రొఫెసరమ్మ ఫోన్. లైన్‌లో మా మేనేజర్ కూడా. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. నా పని అయిపోయిందనుకున్నాను.

“ఆ గది గురించి ఎవరు చెప్పారు? పోయిన వారమే తవ్వకాల్లో బయటపడింది. ఫొటోలు ఇంకా ఎవరికీ చూపించలేదు. ఆ నాలుగో మెట్టుతో సహా ఎలా తెలుసు?”

“మా అత్తగారు” అన్నాను.

“ఆవిడది ఏ యూనివర్సిటీ?”

సాయంత్రం అత్తగారిని నిలదీశాను. “ఆడవాళ్ళకి చోటు లేకుండా గుడి ఎవరు కడతారండీ?” అన్నారు. సరే, ఒప్పుకున్నాను. మరి నాలుగో మెట్టు?

“ఎత్తుగా ఉంటే ఎత్తు అనక ఏమంటారు?”

ఆవిడ పాస్‌పోర్ట్ తీసి చూశాను. అమెరికా తప్ప వేరే దేశం ముద్ర లేదు.

వారం తర్వాత ప్రొఫెసరమ్మ మొహమాటపడుతూ మెయిల్ పెట్టింది: పెద్ద హాల్లో తూర్పు గోడకి ఏముండేదో మీ అత్తగారిని అడుగుతారా?

అడిగాను. అత్తగారు మెయిల్‌తో వచ్చిన ఆ గోడ ఫొటో కేసి చాలాసేపు చూశారు.

“అటు సంగతి నాకేం తెలుసండీ? మమ్మల్ని ఎప్పుడు రానిచ్చారు గనక!”

ఆ ‘మమ్మల్ని’ అంటే ఎవరెవరో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.