నాన్న తీసుకున్న తాంబూలం

అన్నకు ఎడమ చెవి వినపడదు. చేపల బుట్టతో బండి మీద రేవు నుంచి వస్తుంటే పోలీసులు ఆపారు. బండి కాగితాలు ఇంట్లో ఉన్నాయన్నాడు. ఎదురు చెబుతున్నావా అని స్టేషనుకు తీసుకెళ్లారు. అక్కడ ఎస్సై చెంప మీద కొట్టాడు. సాయంత్రం వదిలేశారు. చెవిలోంచి నెత్తురు ఆగకపోతే నెల్లూరు పెద్దాసుపత్రికి పోయాం. కర్ణభేరి పగిలింది, ఆ చెవి ఇక పనిచేయదన్నాడు డాక్టరు.

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటాం? పోలీసుల మీద ఫిర్యాదులు వినే ఆఫీసు కూడా ఒకటి ఉందట. నేనే రాసి అన్న చేత సంతకం పెట్టించాను. నాకు నోరెక్కువని ఊళ్లో పేరు, అదిప్పుడైనా పనికొస్తుందనుకున్నాను. అన్న అడిగింది ఒక్కటే. "వాళ్లు నన్ను కొట్టినారని సర్కారు కాగితంలో ఉండాల పాపా. అంతే."

ఆ సంగతి తెలిసి ఎస్సై మా ఊరి కాపుల్ని పట్టుకున్నాడు. మా రేవులో కాపులంటే కులపెద్దలు, తగవులు తీర్చేది వాళ్లే. తీర్చాక ఇరువైపులా తాంబూలం ఇస్తారు. తీసుకున్నవాడు ఆ తగవు మళ్లీ ఎత్తకూడదు. ఎత్తితే వాణ్ణి ఎవరూ పడవ ఎక్కనివ్వరు. మా తగవు తీర్చిన రోజు ఎస్సై మామూలు చొక్కాలో వచ్చి కూర్చున్నాడు. అన్న మొహం కూడా చూడలేదు. నాన్న మాత్రం రెండు చేతులా తాంబూలం తీసుకున్నాడు.

"ఏంది నాన్నా ఇది!" అన్నాను. ఒళ్లు మండిపోయింది.

"రేపు కూడా ఆ రోడ్డునే కదమ్మా మనం పోవాల్సింది. ఊరుకో" అన్నాడు.

తర్వాత విచారణకని ఒక ఆఫీసరు మా ఇంటికి వచ్చాడు. అన్నను అడిగితే నాన్న జవాబిచ్చాడు. మా ఇళ్లలో పెద్దోడు ఉండగా చిన్నోడు నోరెత్తడు. నాన్న అబద్ధం చెప్పలేదు, మా కర్మ.

"కొట్టింది నిజమే సార్. అయితే తాంబూలం తీసుకున్నాం. తీసుకున్నాక మా కాడ మాట తిరిగేది లేదు."

ఆఫీసరు ఏదో రాసుకుని, మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

ఎన్నాళ్లకూ కబురు లేకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. జవాబు నిన్న వచ్చింది. ఏడుపు రాలేదు. నాకు మామూలుగా ముక్కు మీదుండే కోపం కూడా రాలేదు. స్టవ్ మీద అన్నం మాడిన వాసన వస్తున్నా లేవబుద్ధి కాలేదు.

అన్న ఒడ్డున వల బాగు చేసుకుంటున్నాడు. కుడిపక్కన కూర్చుని చదివాను. "ఫిర్యాదుదారు కుటుంబం రాజీపడినట్లు తెలిపింది. ఆరోపణ రుజువు కాలేదు. ఫిర్యాదు మూసివేయడమైనది."

వల పక్కన పెట్టి, మంచి చెవి నా నోటి దగ్గరికి తెచ్చాడు.

"కొట్టినారనే మాట నాకు వినపళ్లేదు. ఇంకోసారి చదువు పాపా."