నలభై ఒకటో ఆలిచిప్ప

నవంబరు పద్నాలుగు, శుక్రవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. పలుచని మంచు, గాలి లేదు. విజయనగరం కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సెక్కి ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. ఈ దారిన ఉదయం వెళ్ళేవారికి ఎండ కుడివైపు కొడుతుంది.

ప్రయాణానికి కారణం మా మేనకోడలు గౌరి. కళింగపట్నంలో ఆలిచిప్పలు పెంచుతోంది. చంపిన బ్యాక్టీరియాను వాటికి ఒకసారి రుచి చూపిస్తే, తరువాత అదే బ్యాక్టీరియా ప్రాణంతో వచ్చినా గుర్తుపట్టి తట్టుకుంటాయని ఆమె వాదన. మనకున్నట్టు ప్రతిరక్షకాలు వాటికి లేవు. రక్తకణాలే ఆ జ్ఞాపకాన్ని మోస్తాయట. ఈ ‘అట’ నాకు పడదు.

తొట్లు చేపల వ్యాపారి సింహాచలానివి. రుచి చూపిన తొట్టెలో ముప్పాతిక వంతు బతికితే వచ్చే ఏడాదీ తొట్లు గౌరికే. లేకుంటే రొయ్యలవారికి ఇచ్చేస్తాడు. లెక్కకు ఇద్దరూ ఒప్పుకున్న మనిషిని నేను. గణాంక శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి, బంధువులకు దశాంశం కూడా వదలనివాణ్ణి.

శ్రీకాకుళంలో ఏడు యాభైకి దిగి, ఇడ్లీ తిని, ఎనిమిదిన్నరకు కళింగపట్నం బస్సు పట్టుకున్నాను. పక్కసీటులో ఖాళీ చేపల బుట్టతో ఒక పెద్దావిడ.

"ఏటి బాబూ, ఏ పని మీద?"

"ఆలిచిప్పలు లెక్కపెట్టాలి."

"ఇంటికాడ ఎవులూ ఏ పనీ సెప్పరేటి?"

తొమ్మిది నలభైకి రెండు తొట్ల ముందు నిలబడ్డాను: ఒకటి రుచి తెలిసినది, ఒకటి తెలియనిది. ఒక్కొక్కదానిలో నలభై వేశామన్నారు. వారం క్రితం రెండింటిలోనూ గౌరి ప్రాణమున్న బ్యాక్టీరియాను కలిపింది. పెన్నుతో తట్టాను: మూసుకుంటే బతికినట్టు, నోరు తెరిచే ఉంటే చచ్చినట్టు. రుచి తెలియని తొట్టెలో బతికినవి పన్నెండు, చచ్చినవి ఇరవై తొమ్మిది. మొత్తం నలభై ఒకటి! మళ్ళీ లెక్కించాను. నలభై ఒకటే.

సింహాచలం తల గోక్కున్నాడు. "నలబై లెక్కెట్టి కొసరొకటి ఏసినాను మాస్టారూ, రెండిట్లోనూ. ఏయకపోతే సెయ్యి ఊరుకోదు."

రుచి తెలిసిన తొట్టెలో బతికినవి ముప్పై, చచ్చినవి పదకొండు. గౌరి చప్పట్లు కొట్టింది. ఆపమన్నాను. నలభై ఒకటికి ముప్పాతిక వంతంటే ముప్పై పాయింట్ ఏడు ఐదు.

"ముప్పాతిక ఆలిచిప్పని ఎక్కడినుంచి తెమ్మంటావు మావయ్యా? కొసరు తీసెయ్!"

"అది కొసరని బ్యాక్టీరియాకు తెలియదమ్మా."

"నాయం సెప్పినారు," అని సింహాచలం ఫోను తీశాడు. "రొయ్యలోడికి సెప్పేస్తాను."

గౌరి నా వైపు చూడడం మానేసింది. రెండుసార్లు చూడనిదే ఏ లెక్కా నాకు లెక్క కాదు కనుక, చచ్చినవాటిని మళ్ళీ తట్టాను. పదకొండోది తట్టినా కదలలేదు. పెన్ను మొన లోపలికి పెట్టాను. అది తీరిగ్గా మూసుకుంది. పెన్ను రాలేదు. సింహాచలం ఫోను పక్కన పెట్టి రెండు చేతులా లాగాడు, అయినా రాలేదు.

"ఇప్పుడు చెప్పు మావయ్యా, ఇది చచ్చిందా?"

ఒంటిగంటన్నర బస్సులో కండక్టర్ని పెన్ను అడిగి తీసుకున్నాను. ఉదయపు పెద్దావిడ ఈసారి నిండు బుట్టతో ఎక్కింది.

"లెక్క తేలినాదా బాబూ?"

తేలింది. రుచి తెలియనివి నలభై ఒకటికి పన్నెండు. తెలిసినవి నలభై ఒకటికి ముప్పై ఒకటి, అంటే డెబ్బై ఐదు పాయింట్ ఆరు శాతం. తొట్లు గౌరివే. పెన్నులు: తీసుకువెళ్ళింది ఒకటి, తిరిగి తెచ్చింది సున్న.