లూకా సారు వేలం వేసిన పెట్టె

మణుగూరు దారిలో, అడవి అంచున ఉన్న మిషన్ దవాఖానాలో లూకా సారు చేయని పని లేదు. చదివింది ఊరి బడిలో ఏడో తరగతే. అయినా జనరేటర్ నేర్చాడు, ఎక్స్‌రే నేర్చాడు, కంప్యూటర్ వస్తే దానికీ పెద్దదిక్కయ్యాడు. గోదావరి పొంగి రోడ్డు మునిగిన ఏడు, మొదటి కంప్యూటర్‌ను నాటు పడవలో చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చిందీ ఆయనే. ఈ సంగతి ఎవరూ అడక్కపోయినా చెబుతాడు. అడిగితే ఇంకాస్త పొడుగ్గా చెబుతాడు.

రెండువేల తొమ్మిది నాటికి అక్కడ ఒక పెద్ద మెషీన్ ఉండేది. ఒకే ఇంట్లో రెండు కాపురాలు పెట్టినట్టు, దాని లోపల రెండు కంప్యూటర్లు. విడిగా కంటికి కనబడవు, పని మాత్రం చేస్తాయి. ఒకదాంట్లో ఓపీ చీటీలు. రెండోదాంట్లో గూడేల నుంచి వచ్చే టీబీ రోగుల మందుల వివరం, ఎవరు ఏ గోళీ ఎందాకా మింగారో అంతా.

"మెషీన్ కాలిపోతే ఎట్లా లూకాగారూ?" అని డాక్టరమ్మ స్తుతి ఓసారి అడిగింది.

"కాలనియ్యండమ్మా! రెండు కాపురాలూ సామానుతో సహా నకలు తీసి పెట్టిన."

ఆ నకళ్లు ఉండేది ఒక ఇనుప పెట్టెలో. చర్చి వరద ఎక్కని మిట్ట మీద ఉంది కనుక, పెట్టెను దాని పక్కగదిలో పెట్టించి దవాఖానా నుంచి కేబుల్ లాగించాడు. రోజూ సాయంత్రం నకలు ఆ తీగ మీదుగా పోయి పెట్టెలో పడేది. దుమ్ము పడకుండా ఆయన భార్య రిబ్కా పూలగుడ్డ ముసుగు కుట్టింది.

కోత పండుగ వచ్చింది. ఆ రోజు దవాఖానాకు సెలవు. గుమ్మడికాయలు, వడ్ల మూటలు, తేనె కుండలు, కానుకలన్నీ ఆ గదిలోనే చేర్చారు. రిబ్కా అదే తానులోని గుడ్డతో సగం కానుకలకు ముసుగులు కట్టింది. పాటలకు మైకు పెట్టాలంటే ప్లగ్గు చాలలేదు. ఎవరో పెట్టె తీగలు పీకి, దాన్ని కానుకల కుప్పలోకి నెట్టారు.

ఆరాధన అయ్యాక వేలం. వేలం వేసేది ఇంకెవరు, లూకా సారే! ఆయన గొంతు వాగు దాటి వినబడుతుంది. ఆ సంఘంలో ముసుగు కానుకను విప్పరు. పాడుకున్నవాడు లోపల ఏముంటే అదే దేవుడిచ్చిందనుకుని పట్టుకుపోవాలి.

"అబ్బో, ఏం బరువు! ఇచ్చినోళ్ల చెయ్యి సల్లగుండ! పాడుండ్రి!"

వాగవతలి గూడెం జంపయ్య పాడుకున్నాడు. ఆయన చర్చి మనిషి కాడు. కానీ దేవుడు వేరైనా వేలం వేలమే కదా. సారు గంట కొట్టి, "జంపన్నకు దక్కింది! ఇప్పి చూడు, జన్మల మరువవు!" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పెద్ద మెషీన్‌లో డిస్కు కాలింది. రెండు కాపురాలూ కూలిపోయాయి. బయట బల్ల మీద టీబీ రోగులు మందుల కోసం కూర్చుని ఉన్నారు. "పరేషాన్ ఎందుకమ్మా!" అని సారు రొమ్ము విరుచుకుని చర్చికి నడిచాడు. తిరిగొచ్చేటప్పుడు ఆ విరుపు లేదు.

సంగతి విన్న రిబ్కా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏందయ్యా, జన్మల మరువవని ఒర్లి అమ్మింది మన పెట్టెనేనా?"

సారు గూడెం చేరేసరికి ఆ పెట్టె, కోతులు మూత తీయకుండా, ఎండిన ఇప్పపూల గంప మీద బరువుగా కూర్చుని ఉంది.

"జంపన్నా, అది దవాఖానాది. ఇచ్చెయ్యే."

"గంట కొట్టిందెవరు సారూ?"

"నేనే."

"మూడుసార్లు అడిగి మరీ కొడితివి. తేనె అనుకుని ఇప్పితే ఇనుము! నేనేమన్న అన్ననా? దేవుని ఇంట్ల కొన్నది మళ్ల అడిగితే మీ దేవునికి కోపం రాదా?"

జన్మలో మొదటిసారి సారు గొంతు గుమ్మం కూడా దాటలేదు. "మీ అమ్మ రామక్క గోళీల వివరం గూడ అండ్లనే ఉన్నదే. అది పోతే మందు మళ్ల మొదటికి రావొచ్చు."

జంపయ్య పెట్టె వైపు భయంగా చూశాడు. "గీ ముక్క నిన్ననే చెప్తే ఇంక ఎక్కువ పాడుదును గద!"

అయినా పెట్టెను సారు చేతికివ్వలేదు. కొన్నవాడు తాను కనుక, తానే భుజాన వేసుకుని, తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు.

మూలనున్న పాత మెషీన్‌కు కేబుల్ కలిపి సారు నకలు దించడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లూ పెట్టెలోకి పంపడమే గానీ, తిరిగి దించి చూసింది ఒక్కనాడూ లేదు. ఆయన చెప్పుకునే ఘనకార్యాల్లో ఈ ఒక్కటి ఎప్పుడూ రాలేదు. తెర మీద గీత చీమలా పాకుతోంది. సారు చొక్కా తడిసిపోయింది. జంపయ్య పెట్టె మీద చెయ్యేసి కూర్చున్నాడు.

మొదటి కాపురం లేచింది. చీటీలు వచ్చాయి. రెండోది ఆగి, మళ్లీ పాకి, అదీ లేచింది. డాక్టరమ్మ రామక్క పేరు కొట్టింది. మింగిన గోళీ, మింగాల్సిన గోళీ, అన్నీ ఉన్నాయి.

"అమ్మా, నువ్వు పెట్టెల సల్లగనే ఉన్నవే!" అని జంపయ్య బయటికి కేకేశాడు.

రామక్క లోపలికొచ్చి పెట్టెను వాసన చూసింది. "ఇప్పపూల వాసనొస్తున్నదేందిరా? నా గోళీలు కోతులు తినలేదు గద?"

పడవ కథ తర్వాత సారు ఇప్పుడు ఇంకోటి చెబుతాడు: "దవాఖానా మొత్తం వేలంల అమ్మి, ఒక్క చీటీ తగ్గకుంట మళ్ల తెచ్చినోన్ని జిల్లాల నేనొక్కన్నే!"

జంపయ్య పెట్టెనైతే దవాఖానాకే వదిలాడు గానీ, దాని మీద హక్కు మాత్రం వదులుకోలేదు. సంతకు వచ్చిన ప్రతిసారీ దవాఖానాకొచ్చి, "నా పెట్టెల ఉన్నది దించి చూపియ్యి సారూ," అంటాడు. సారు పాత మెషీన్ తుడిచి, కేబుల్ కలిపి, రామక్క పేరు తెర మీదికి వచ్చేదాకా దించి చూపించాల్సిందే.