రాగుల మీద జీనువాయిలు

తొంభైల్లో కుప్పం నుంచి పుంగనూరుకు కోడలిగా వచ్చిన తొలి చలికాలం అది. పక్కింటి రాజమ్మక్క మిద్దె మీద ఆరబోసిన రాగుల మీద పిచ్చుకకన్నా చిన్నవి, మట్టిరంగు జీనువాయి పిట్టల పిల్లలు వాలేవి. అవి చుక్కల జీనువాయి పిల్లలా, నల్లతల జీనువాయి పిల్లలా? ఆ వయసులో రెండూ ఒకేలా ఉంటాయి. తేల్చుకుందామని పుట్టింటి నుంచి తెచ్చుకున్న బైనాక్యులర్‌తో రోజూ చూసేదాన్ని.

ఒకరోజు రాజమ్మక్క తన రాగులకు దిష్టి తీసిన ఉప్పూ మిరపకాయలూ తెచ్చి మా వాకిట్లో పారేసింది. వీధి వీధంతా గుమిగూడింది.

"దూరంగా ఉండేదాన్ని దగ్గరికి లాక్కుంటాదంట ఆ అద్దం. మా రాగులకు ఎంత దిష్టి తగిలుంటాదో సూడండమ్మా" అంది.

"తప్పయిందని చెప్పుమే" అంది మా అత్త.

నేను చెప్పలేదు.

"నేను సూసేది పిట్టల్నక్కా, నీ రాగుల్ని కాదు. దిష్టి తగిలితే వాటికి తగలాల. అవేమో దినామూ లావెక్కతాండాయి" అన్నాను.

ఎవరూ నమ్మలేదు. బైనాక్యులర్ బీరువాలో పెట్టేయమంది అత్త. మర్నాడు పొద్దున్నే తాళితో పాటు దాన్నీ మెడలో వేసుకుని, వీధికంతా కనబడేలా పిట్టగోడ దగ్గర నిలబడ్డాను.

చలికాలం పోయేలోపు ఆ పిట్టల రొమ్ముల మీద చుక్కలు పొడిచాయి. నా అనుమానం తీరింది. వీధి అనుమానం తీర్చే పని మాత్రం నేను పెట్టుకోలేదు.